మొద్దుబారిన చేతికి చైనా సూది, యునానీ మర్దన: ఏది ఎంతవరకు?



ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చి తగ్గుముఖం పట్టిన తర్వాత, పలకరించడానికి వచ్చినవారంతా అడిగే ప్రశ్న ఒకటే. "చేయి లేస్తోందా? నాలుగడుగులు వేస్తున్నారా?" అని. చేయి లేచిందంటే అల్హమ్దులిల్లాహ్ అనుకుని ఊరట చెందుతాం. కాని కొందరు రోగులు నెలలు గడిచాక కూడా "చేయి లేస్తోంది గాని అది నాది కానట్టుంది" అంటారు. "కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు" అంటారు. "గ్లాసు పట్టుకున్నానో లేదో చూస్తేగాని తెలియదు" అంటారు. ఇంట్లోవాళ్లు దీన్ని అంతగా పట్టించుకోరు. నొప్పి లేదు కదా, అదే పోతుందిలే అనుకుంటారు.

ఈ బాధ పోవడానికి ఆక్యుపంక్చర్ సూదులు వేయించమని, చైనా పద్ధతిలో సెగ పెట్టించమని తెలిసినవారు సలహా ఇస్తుంటారు. "హకీమ్ సాబ్, అబ్బాకు సూదులు వేయించవచ్చా? మన యునానీలో దీనికేమీ లేదా?" అని అడిగేవారు చాలామంది. ఈ వారం ఆ విషయమే చూద్దాం.

కదలిక వేరు, స్పర్శ వేరు

మన యునానీ వైద్యంలో కదలికను హరకత్ అనీ, స్పర్శను హిస్ అనీ అంటారు. శరీరంలో సగభాగం చచ్చుబడితే అది ఫాలిజ్. అరబీలో ఈ మాటకు మూలార్థం రెండుగా చీలడం. తిమ్మిరెక్కి స్పర్శ తగ్గితే అది ఖదర్. ఈ రెండూ కలిసి రావచ్చు, విడివిడిగానూ రావచ్చు. కదలిక తిరిగి వచ్చినా స్పర్శ వెనకబడి ఉండవచ్చు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు సగం మందికి ఏదో ఒక మేరకు స్పర్శ లోపం ఉంటుంది.

స్పర్శ అంటే ఒక్కటే కాదు. తాకినట్టు తెలియడం ఒకటి. వేడి, చల్లన తెలియడం ఒకటి. నొప్పి తెలియడం ఒకటి. కళ్లు మూసుకున్నా మన చేయి ఎక్కడుందో, వేలు పైకుందో కిందికుందో తెలియడం ఇంకొకటి. జేబులో చేయి పెట్టి తాళం చెవిని, నాణేన్ని వేరుగా పోల్చుకుంటున్నామంటే ఈ జ్ఞానాలన్నీ కలిసి పనిచేస్తున్నాయన్నమాట. పక్షవాతంలో వీటిలో ఒకటి పోయి మరొకటి మిగలవచ్చు. తాకితే తెలుస్తుంది గాని కాలితే తెలియదు. ఇటువంటివారే ఎక్కువగా ప్రమాదంలో పడతారు.

చేతిలో తిమ్మిరి, తలలో జబ్బు

జాలీనూస్ పేరు యునానీ గురించి విన్నవారందరికీ తెలుసు. రెండో శతాబ్దంలో రోమ్ నగరంలో వైద్యం చేసిన మహా వైద్యుడు. ఆయన దగ్గరకు సిరియా నుంచి వచ్చిన పౌసానియాస్ అనే విద్వాంసుడు ఒకాయన వెళ్లాడు. ఆయనకు చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలిలో సగం మొద్దుబారాయి. అంతకు ముందు వైద్యులు ఆ వేళ్లకే మందులు పూసి పూసి విసిగిపోయారు. జాలీనూస్ "ఎప్పుడైనా పడ్డావా?" అని అడిగాడు. బండి మీద నుంచి పడి వీపు పైభాగంలో దెబ్బ తగిలిందని ఆయన చెప్పాడు. అప్పుడు జాలీనూస్ మందును వేళ్ల మీద నుంచి తీసి, నరాలు బయలుదేరే వెన్ను దగ్గర వేశాడు. జబ్బు నయమైంది.

ఈ కథలోని పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. పక్షవాతంలో చేతి చర్మం, చేతి నరాలు చెడిపోవు. మెదడులో రక్తనాళం మూసుకుపోయో, చిట్లిపోయో, చేతి కబురు అందుకునే చోటు దెబ్బతింటుంది. మెదడు నడిమధ్యన తలామస్ అనే కేంద్రం ఉంది. ఒళ్లంతటి నుంచి వచ్చే స్పర్శ కబుర్లు అక్కడ చేరి పైకి వెళతాయి. ఉత్తరం వేసినవాడూ ఉన్నాడు, దారీ ఉంది, అందుకునే పోస్టాఫీసు పాడైంది అనుకోండి. కనుక తైలమైనా సూదైనా సెగైనా చేతి మీద చేసినా, పని జరగవలసింది మెదడులోనే. మెదడులో మిగిలిన భాగం ఆ కబుర్లను మళ్లీ చదవడం నేర్చుకోవాలి. ఏ చికిత్సనైనా ఈ కొలతతోనే కొలవాలి.

చైనా వైద్యం ఏమంటుంది?

పక్షవాతాన్ని చైనావారు జోంగ్‌ఫెంగ్ అంటారు. గాలి దెబ్బ అని దాని అర్థం. మనం పక్షవాతం అనడంలోనూ వాతమే ఉంది. స్పర్శ పోవడాన్ని వారు మాము అంటారు. అందులో 'మా' అంటే జుమ్ముమనే తిమ్మిరి, 'ము' అంటే కొయ్య. మనం మొద్దుబారింది అంటాం. మొద్దు అన్నా కొయ్యే కదా! దూరదేశాల జనం ఒకే బాధను ఒకే పోలికతో చెప్పుకున్నారు.

చీ అనే ప్రాణశక్తి, రక్తం సరిగా పారకపోతే అవయవం మొద్దుబారుతుందని వారి సిద్ధాంతం. మన హకీములు చిక్కటి బల్గమ్ (కఫం) నరాల దారిని అడ్డుకుందన్నారు. మాటలు వేరు. చికిత్సలో మాత్రం పోలికలు చాలా ఉన్నాయి.

ఈ పరిచయం కొత్తది కాదు. 1313లో ఇరాన్‌లో రషీదుద్దీన్ ఫజ్లుల్లాహ్ చైనా వైద్య గ్రంథాలను ఫార్సీలోకి తర్జుమా చేయించాడు. తన్సూఖ్‌నామా అని దానికి పేరు. అటు చైనాలో హుయిహుయి యావోఫాంగ్, అంటే ముస్లింల మందుల పుస్తకం, చైనా భాషలో తయారైంది. మన యునానీ మందులే అందులో ఉన్నాయి. 36 భాగాలలో ఇప్పుడు 4 మాత్రమే మిగిలాయి. మిగిలిన వాటిలో 12వ భాగం పక్షవాతం, మూతి వంకర వంటి వాత రోగాల గురించినదే.

మన దేశానికి ఆక్యుపంక్చర్‌ను తెచ్చినవారిలో ముఖ్యులు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నిస్‌తో పాటు ఆయన ఒకరు. 1950ల చివరలో మళ్లీ చైనా వెళ్లి ఈ విద్య నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ప్రభుత్వం ఆక్యుపంక్చర్‌ను 2003లో చికిత్సా విధానంగానూ, 2019లో స్వతంత్ర వైద్య పద్ధతిగానూ గుర్తించింది.

స్పర్శ లోపానికి వారు చేసే చికిత్సలు ముఖ్యంగా ఇవి:

1. సూదులు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, మోచేతి మడత దగ్గర, మోకాలి కింద, వేళ్ల సందుల్లో వెంట్రుకంత సన్నని సూదులు గుచ్చుతారు. కొన్నిటికి సన్నగా కరెంటు ఇస్తారు. సూది గుచ్చినప్పుడు బరువుగా, లాగినట్టుగా తెలిస్తే సరిగా పడిందని గుర్తు.

2. నెత్తి సూదులు. తల చర్మంలో కదలికకు ఒక గీత, దానికి 1.5 సెంటీమీటర్ల వెనుక స్పర్శకు ఒక గీత ఉన్నట్టు లెక్కగట్టి అక్కడ గుచ్చుతారు. లోపలి మెదడు భాగాలను బట్టి ఈ గీతలను పెట్టుకున్నారు.

3. మాక్సా సెగ. మన మాచిపత్రి జాతి ఆకును ఎండబెట్టి, నలిపి, చుట్టలా చుట్టి, అంటించి చర్మానికి దగ్గరగా ఉంచుతారు. చర్మం ఎర్రబడేదాకా సెగ తగలనిస్తారు.

4. ఏడు సూదుల చిన్న సుత్తితో మొద్దుబారిన చర్మం మీద మెల్లగా తట్టడం.

5. తుయ్‌నా అనే మర్దన, వనమూలికలు మరిగించిన ఆవిరి, ఆ నీటితో కడగడం.

6. కషాయాలు. 1830 నాటి వాంగ్ చింగ్‌రెన్ గ్రంథంలోని బుయాంగ్ హువాన్వు కషాయం పక్షవాతానికి పేరుపొందింది. అందులోని ఏడు దినుసుల్లో వానపాము ఒకటి. మన పాత యునానీ మందుల్లోనూ ఖరాతీన్ పేరుతో అదే ఉంది. ఇటువంటివి వాడేముందు హలాల్, హరామ్ విషయం ఉలమాను అడిగి తెలుసుకోండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ఈ కషాయాల జోలికి సొంతంగా పోవద్దు.

మన యునానీలో ఏముంది?

యునానీలో ఇలాజ్ బిత్ తద్‌బీర్ అనే పెద్ద విభాగం ఉంది. మందు మింగించకుండా మర్దన, స్నానం, వ్యాయామం, కాపడం, హిజామా వంటి పద్ధతులతో చేసే చికిత్స అది. మర్దనను దల్క్ అంటారు. మెత్తని చేత్తో చేసేది ఒకటి, గట్టిగా చేసేది ఒకటి, గరుకు గుడ్డతో రుద్దేది మరొకటి. గరుకు గుడ్డతో రుద్దే దల్కె ఖషిన్ రక్తాన్ని చర్మం పైకి రప్పిస్తుందని మన హకీములు చెప్పారు. స్పర్శ లోపం ఉన్నవారికి ఇందులో ఇంకో మేలుంది. మెదడుకు గరుకు, నునుపు తేడా నేర్పే పాఠం కూడా అదే.

మూలికలు మరిగించిన గోరువెచ్చని నీటిని ధారగా పోయడం నుతూల్. మూట కట్టి కాపడం పెట్టడం తక్మీద్. మర్దనకు రోగనె ఖుస్త్ (చంగల్వ కోష్టు తైలం), రోగనె బాబూనా, రోగనె మాల్‌కంగ్నీ వంటివి వాడతాం. ఇవి దొరక్కపోతే సాదా నువ్వుల నూనె చాలు. మేలు చేసేది నూనె ఒక్కటే కాదు, చేయి కూడా.

మన బెంగళూరులోనే మాగడి రోడ్డులో కొట్టిగేపాళ్య దగ్గర 1984లో స్థాపించిన జాతీయ యునానీ వైద్య సంస్థ ఉంది. ఇలాజ్ బిత్ తద్‌బీర్‌కు అక్కడ ప్రత్యేక విభాగమే ఉంది. హైదరాబాదు బంధువులకు చార్మినార్ దగ్గరి నిజామియా తిబ్బీ కళాశాల ఆసుపత్రి, కర్నూలు వైపువారికి డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ వైద్య కళాశాల ఉన్నాయి. ఇంటి దగ్గర ఎవరో చెప్పిన పద్ధతి కన్నా ఇటువంటి చోట చూపించుకోవడం మేలు.

మొద్దుబారిన చర్మం 'చాలు' అనదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ చికిత్సల్లో చాలావరకు రోగి నోటి మాట మీద ఆధారపడి జరుగుతాయి. "వేడిగా ఉందా? తట్టుకోగలరా?" అని అడుగుతారు. రోగి "ఇంకా కొంచెం దగ్గరగా పెట్టండి" అంటాడు. స్పర్శ పోయినవాడి దగ్గర ఆ జవాబుకు విలువ లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, ఆయన చర్మం ఆయనకు నిజం చెప్పడం లేదు.

కొన్నేళ్ల క్రితం ఒక పెద్దమనిషిని నా దగ్గరకు తీసుకొచ్చారు. షుగర్ ఉంది. పక్షవాతం తర్వాత ఎడమ పాదం మొద్దుబారింది. ఎవరో చెప్పారని ఇంట్లోవాళ్లు ఇసుక వేయించి మూట కట్టి అరికాలికి కాపడం పెట్టారు. ఆయన "బాగుంది, ఉంచండి" అన్నారట. అసర్ నమాజుకు వుజూ చేయించేటప్పుడు కోడలు చూస్తే అరికాలంతా బొబ్బలెక్కి ఉంది. ఆ పుండు మానడానికి రెండు నెలలకు పైగా పట్టింది. ఆ రెండు నెలలూ ఆయన నడక ఆగిపోయింది. నేర్చుకున్న నాలుగడుగులూ మొదటికొచ్చాయి. తిమ్మిరి మాత్రం అలాగే ఉంది.

ఈ ప్రమాదం చైనావారికి బాగా తెలుసు. స్పర్శ లేని రోగికి మాక్సా సెగ పెట్టేటప్పుడు వైద్యుడు తన రెండు వేళ్లను ఆ చోటికి అటూ ఇటూ ఆనించి ఉంచాలని వారి పాఠ్యగ్రంథాలే చెబుతాయి. రోగి చర్మం చెప్పలేని వేడిని వైద్యుడి వేళ్లు చెబుతాయన్నమాట. ఈ ఒక్క నియమాన్ని మన ఇళ్లలో కూడా పెట్టుకుంటే చాలా కాళ్లు, చేతులు దక్కుతాయి. కాపడం గానీ, ఆవిరి గానీ, వేడినీళ్లు గానీ, పెట్టేవారి చేయి ఆ చోట మొదటి నుంచి చివరి వరకు ఆని ఉండాలి. మీ చేతికి ఓర్చుకోలేనిది వారి చర్మానికి పెట్టకండి. మధ్యలో లేచి వెళ్లవలసి వస్తే మూట తీసేసి వెళ్లండి.

ఇనుప చువ్వతో వాతలు పెట్టించడం కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దైవప్రవక్త (సఅసం) తేనెను, హిజామాను మెచ్చుకున్నారు గాని, కాల్చి వాతలు పెట్టడాన్ని ఇష్టపడలేదు. స్పర్శ లేని చోట అది మరీ ప్రమాదం.

ఎంతవరకు రుజువైంది?

ఆశ పెట్టడం సులువే, నిజం చెప్పడం వైద్యుడి బాధ్యత. పక్షవాతం తర్వాత ఆక్యుపంక్చర్ మీద జరిగిన అధ్యయనాలను కొక్రేన్ సంస్థ 2016లో సమీక్షించింది. 31 అధ్యయనాలు, 2,257 మంది రోగులు. కొంత మేలు కనిపిస్తోంది గాని, అధ్యయనాల్లో చాలావాటి నాణ్యత తక్కువ గనుక గట్టిగా చెప్పలేమని తేల్చారు. అంతకు ముందు 2010లో, చేతి స్పర్శ లోపానికి చేసే రకరకాల చికిత్సలన్నిటినీ సమీక్షించారు. దొరికినవి 13 అధ్యయనాలు, 467 మంది రోగులే. అద్దం ముందు చేసే సాధన, వేడి-చల్లన మార్చి మార్చి తగిలించడం వంటి వాటిలో కొంత ఆశ కనిపించింది.

2011లో ఆస్ట్రేలియాలో లియాన్ కేరీ, ఆమె సహచరులు 50 మంది మీద చేసిన అధ్యయనం మనకు ముఖ్యం. అక్కడ సూదీ లేదు, తైలమూ లేదు. రోగి చేత రకరకాల గరుకు నునుపులను, వస్తువులను, చేయి ఉన్న స్థితిని గుర్తుపట్టే సాధన క్రమంగా చేయించారు. మామూలుగా తాకించి వదిలేసినవారి కన్నా, ఇలా నేర్పినవారిలో స్పర్శ జ్ఞానం బాగా మెరుగుపడింది.

కాబట్టి నా మాట ఇది. అర్హత ఉన్న వైద్యుడి దగ్గర సూదులు వేయించుకుంటే తప్పు లేదు. మా దల్క్ కూడా చేయించుకోండి. కాని ఇవి తోడు మాత్రమే. అసలు చికిత్స రోజూ చేసే సాధన. సాధన లేకుండా సూదుల మీదే డబ్బంతా పోస్తే, విత్తనం వేయకుండా నీళ్లు పెట్టినట్టే.

ఇంట్లో చేయవలసిన సాధన

రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి 15-20 నిమిషాలు చేయించండి. రోగి అలసిపోయినప్పుడు వద్దు. పక్కన ఒకరు కూర్చోవాలి.

1. గోనెసంచి ముక్క, నూలు గుడ్డ, పట్టు గుడ్డ, దూది తీసుకోండి. ముందు మంచి చేతికి, తర్వాత మొద్దుబారిన చేతికి, కళ్లు తెరిచి తాకించండి. తర్వాత కళ్లు మూసుకుని ఏది ఏమిటో చెప్పమనండి. తప్పు చెబితే కళ్లు తెరిచి చూసి మళ్లీ తాకాలి. ఈ చూసి దిద్దుకోవడమే పాఠం. ఊరికే రుద్దితే చాలదు.

2. ఒక గిన్నెలో బియ్యం పోసి అందులో నాణెం, గుండీ, బాదం పప్పు, తాళం చెవి దాచండి. చూడకుండా వెతికి తీయమనండి.

3. రోగి కళ్లు మూసుకున్నాక వేలిని మెల్లగా పైకి గానీ కిందికి గానీ కదిపి "ఎటుంది?" అని అడగండి. మడమకు, మోకాలికి కూడా ఇలాగే.

4. బల్ల మీద అద్దాన్ని నిలువుగా పెట్టి, బాగులేని చేతిని అద్దం వెనుక ఉంచండి. మంచి చేతిని ముందు ఉంచి మెల్లగా కదుపుతూ, తాకుతూ అద్దంలో చూడమనండి. బాగులేని చేయే కదులుతున్నట్టు మెదడుకు తోస్తుంది.

5. నమాజు తర్వాత తస్‌బీహ్‌ను వేళ్ల కణుపుల మీద లెక్కించేవారు, వీలైతే బాగులేని చేతి వేళ్లను కూడా కలుపుకోండి. బొటనవేలితో ఒక్కో కణుపును నొక్కుతూ, దాని మీదే మనసు పెట్టండి. ఇబాదతూ అవుతుంది, సాధనా అవుతుంది.

ఫలితం వారాల్లో కాదు, నెలల్లో కనిపిస్తుంది. బెంగళూరులో హోసూరు రోడ్డు నిమ్హాన్స్‌లో నరాల రోగులకు పునరావాస విభాగం ఉంది. అక్కడ గానీ, దగ్గరలోని ఫిజియోథెరపీ నిపుణుల దగ్గర గానీ ఒకసారి పద్ధతి నేర్చుకుని ఇంట్లో కొనసాగించండి.

తప్పనిసరి జాగ్రత్తలు

* ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, చేయి పడిపోయినా, మాట తడబడినా, ఒక పక్క తిమ్మిరెక్కినా అది పక్షవాతం కావచ్చు. అప్పుడు సూదులు, మర్దన, హిజామా ఏవీ వద్దు. నోట్లో తేనె గానీ నీళ్లు గానీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదటి నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. హూడి నుంచి ట్రాఫిక్ సంగతి మీకు తెలిసిందే. సి.టి. స్కాన్, నరాల డాక్టరు రాత్రింబవళ్లు ఉండే ఆసుపత్రి దగ్గరలో ఏదో ఈ రోజే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి.

* రక్తం పలచబడే మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా సూదులు, రక్తం తీసే హిజామా చేయించుకోవద్దు. సూదుల కోసం ఆ మాత్రలు ఆపడం అంతకన్నా ప్రమాదం.

* గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటు పెట్టే సూదులకు దూరంగా ఉండాలి.

* సూదులు ఒక్కసారి వాడి పారేసేవే కావాలి. మీ ఎదుట ప్యాకెట్ విప్పమనండి.

* రోగనె ఫర్‌ఫియూన్ ఘాటైనది, బొబ్బలెక్కిస్తుంది. మాజూనె అజరాఖీలో విషముష్టి గింజలు ఉంటాయి. ఈ రెండూ దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు. మాజూన్లలో తీపి ఉంటుందని షుగర్ ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

* వుజూ నీళ్ల వేడిని మంచి చేత్తోనే చూడాలి. ఎండాకాలం మస్జిదు ఆవరణలో చెప్పులు విడిచాక కాలే నేల మీద నడవవద్దు. పెనం, టీ గ్లాసు పట్టుకునేటప్పుడు కన్ను అటే ఉండాలి. రోజూ రాత్రి పాదాలను, వేళ్ల సందులను ఇంట్లో ఒకరు చూడాలి.

* మొద్దుబారిన చోట కొన్ని నెలల తర్వాత మంటలు, చల్లటి నొప్పి మొదలైతే అది నరాలు బాగవుతున్న గుర్తనుకోవద్దు. తలామస్ దెబ్బతిన్నవారికి వచ్చే ఈ నొప్పిని 1906లోనే ఫ్రెంచి వైద్యులు డెజెరిన్, రూసీ వివరించారు. రుద్దితే పెరగవచ్చు. నరాల డాక్టరుకు చూపించండి.

బీ.పీ., షుగర్ మాత్రలు మానకండి. పొగాకు ఏ రూపంలో ఉన్నా వదిలేయండి. చైనా వైద్యమైనా, యునానీ అయినా, ఇంగ్లీషు వైద్యమైనా మనిషి చేసే ప్రయత్నమే, షిఫా ప్రసాదించేది అల్లాహ్‌యే. ఆ ప్రయత్నం తెలివిగా, ఓపికగా చేయడం మన వంతు. అల్లాహ్ మన పెద్దలకు ఆరోగ్యాన్ని, వారికి సేవ చేసేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.